ఉప్పలయ్య చేతి బిగువు

పోచమ్మ మైదాన్ దాటి కాశిబుగ్గ వైపు పోతుంటే ఎడమ పక్క వరుసగా షటర్లు కనిపిస్తాయి. కొసన ఉన్నది ఉప్పలయ్య మెకానిక్ షాపు. పైన బోర్డు ఉంది గానీ అక్షరాలు ఎండకు వెలిసిపోయి "టూ" అన్న ముక్క ఒకటే మిగిలింది. దాన్ని మళ్ళీ రాయించాలని అతనికెప్పుడూ తోచలేదు. వచ్చేవాళ్ళు బోర్డు చూసి రారు. తమ తండ్రుల బండ్లు ఇక్కడే బాగుపడ్డాయి కాబట్టి వస్తారు. లేదంటే పక్క షటర్లో టైర్లమ్మే రాంప్రసాద్ గడ్డంతో ఇటు చూపిస్తే వస్తారు.

ఉప్పలయ్యది పరకాల దగ్గర పల్లె. మీసం రాని వయసులో వరంగల్ వచ్చి, మండిబజార్‌లో కట్టయ్య అనే ఉస్తాద్ దగ్గర పనికి చేరాడు. ఆ ఉస్తాద్‌కు తిట్లెక్కువ, మాటలు తక్కువ. మిగతా పనంతా చూసి నేర్చుకోవాల్సిందే గానీ, ఒక్కటి మాత్రం నోటితో చెప్పేవాడు. నట్టు బిగించేటప్పుడు చివరి తిప్పుకు కళ్ళు మూసుకోవాలి. "కండ్లు మూస్కోర పిలగా! సాలని ఇనుమే జెప్తది. చేతితోని ఇను."

చాలాకాలం ఇనుము ఉప్పలయ్యకు ఏమీ చెప్పలేదు. మరలు ఒలిచాడు, బోల్టులు విరిచాడు, వీపు మీద దెబ్బలు తిన్నాడు. తర్వాత ఒకనాడు ఎందుకో చెప్పింది. ఎట్లా చెప్పిందంటే వివరించలేడు. తిరుగుతున్న పానా ఒకచోట మెత్తగా బరువెక్కుతుంది. ఆ బరువు మణికట్టు దాటి మోచేతి దాకా పాకుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ఆపడం వచ్చిన నాటి నుంచి అతను బిగించినది ఊడిందని గానీ, పట్టేసిందని గానీ ఎవరూ షాపు మెట్లెక్కి రాలేదు. అతని బతుకులో గర్వపడే సంగతి ఏదన్నా ఉంటే ఇదే. అది కూడా పైకి ఎవరితోనూ అనలేదు.

అటువంటి కుడిచెయ్యి కిందటి చలికాలంలో మొద్దుబారింది. ముందు చిటికెన వేలు, తర్వాత ఉంగరపు వేలు, ఆ తర్వాత అరచేతిలో సగం. అన్నం కలుపుతుంటే ఎవరిదో చెయ్యి కలుపుతున్నట్టుండేది. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు దవాఖానలో. గోళీలు ఇచ్చి, వేడి కాపడం పెట్టుకోమన్నారు. తగ్గుతుందా అని అడిగితే డాక్టరు కాగితం మీద రాసుకుంటూనే, "తగ్గొచ్చు, టైం పడుతుంది" అన్నాడు. ఆ "చ్చు" అన్న ముక్కను ఉప్పలయ్య ఇంటిదాకా మోసుకొచ్చాడు.

ఇది కట్టమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె భార్య కాబట్టి దాచడం కుదరలేదు. రోజూ మధ్యాహ్నం సద్దితో పాటు ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు తెచ్చి, షాపు వెనక అరలో కూర్చోబెట్టి, తువ్వాల ముంచి పిండి చేతికి చుట్టేది. గిరాకీ ఎవరైనా తొంగిచూస్తే ఉప్పలయ్య చెయ్యి వెనక్కి లాక్కునేవాడు.

ఒకసారి సైలెన్సరుకు ఉంగరపు వేలు ఆనితే కాలిన సంగతి తెలియనే లేదు. చర్మం కాలిన వాసన ముక్కుకు తగిలాక తెలిసింది. ఆ రోజు నుంచి వేడి ఇంజను ముట్టడం మానేశాడు. ఆయిల్ మార్చాలంటే కాస్త వేడి మీదే మార్చాలని, అప్పుడే మడ్డంతా దిగుతుందని చిన్నప్పటి నుంచి తెలిసినవాడే, ఇప్పుడు బండి సాయంత్రం వదిలి పొమ్మనేవాడు. రాత్రంతా చల్లారాక పొద్దున పని మొదలుపెట్టేవాడు. ఎందుకని అడిగితే, "ఈ కొత్త ఇంజన్లు వేడి మీద ఇప్పద్దు, మరలు కరాబైతయ్" అనేవాడు. అది అబద్ధం. అబద్ధం కాబట్టే గట్టిగా అనేవాడు.

ఆషాఢంలో ఒక స్కూటర్ ఆయిల్ బోల్టు అతని చేతిలోనే పుటుక్కున విరిగింది. పాత బోల్టే, తుప్పు పట్టిందే. అయినా విరిగిన ముక్కను చాలాసేపు వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. చివర్లో వచ్చే ఆ బరువు తనకు తెలియలేదా? బోల్టే ముసలిదా? ముక్క ఏమీ తేల్చలేదు.

ఆ సంగతి చూసినట్టే రాంప్రసాద్ ఆ వారంలోనే అడిగాడు. "అన్నా, నా టైర్లకు జాగ సాల్తలేదు. నీ షటరు నాకిడిసిపెట్టు. నువ్వు వచ్చి నా గల్లపెట్టె కాడ కూసో. రెక్కల కష్టం ఎంతకాలం జేస్తవ్?" అన్నాడు. చెడ్డబుద్ధితో అన్నది కాదు, ప్రేమగానే అన్నాడు. ఉప్పలయ్యకు దిగులు పుట్టింది అందుకే. "ఆలోచన జేస్త తమ్మీ" అన్నాడు. రాఖీ పున్నమి లోపల చెప్తానన్నాడు. పున్నమి దగ్గరికొచ్చింది.

* * *

ఆ శనివారం సాయంత్రం స్రవంతి బండి తెచ్చి నిలబెట్టింది. రెండు సిలిండర్ల పెద్ద బండి. ఆమె ఏటూరునాగారం దవాఖానలో ల్యాబ్ పని చేస్తుంది. వారమంతా అక్కడ ఉండి, శనివారం అడవి దారిన ఇంటికొచ్చి, సోమవారం తెల్లారకముందే తిరిగి పోతుంది. ఇంట్లో ఉన్నది తల్లి కళావతి ఒక్కతే. ఆమెకు హనుమకొండ చౌరస్తా దగ్గర పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే దుకాణముంది.

"కాకా, ఆయిలు, ఫిల్టరు మార్చాలె. ఎల్లుండి పొద్దుగాల పోవాలె నేను."

"రేపు పగటీలికి అయిపోతది బిడ్డా. ఇంజను సల్లారనియ్యి."

"గింత సీమలేందో సూడు కాకా. యాడ నిలబెట్టినా ఈ బండికే పడ్తున్నయ్. దవాఖానల నలుగురు నగుతాండ్రు నన్ను జూసి."

నిజమే. ముందు చక్రం వెనక, ఇంజను కింది భాగంలో, నల్లచీమలు సన్నటి గీతలా ఎక్కి దిగుతున్నాయి. ఉప్పలయ్య గుడ్డతో తుడిచేశాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాయి.

ఆదివారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. ఉప్పలయ్య బండి కింద గోనెసంచి పరిచి, పాత ఆయిల్ దింపి, ఫిల్టర్ మీద చెయ్యి వేశాడు. ఈ బండికి ఫిల్టర్ బయటికే ఉంటుంది. చిన్న నూనె డబ్బా అంత రేకు డబ్బా. మర మీద తిప్పి ఎక్కిస్తారు, తిప్పి దింపుతారు. మూతికి రబ్బరు రింగు ఉంటుంది. ఎక్కించేటప్పుడు ఆ రింగుకు చుక్క ఆయిల్ రాసి, రింగు ఇంజనుకు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించాలి. పానా అక్కర్లేదు. దించేటప్పుడూ అంతే, చేత్తోనే రావాలి.

రాలేదు.

రెండు చేతులతో పట్టాడు. రాలేదు. నూనెకు జారుతోందని పొడిగుడ్డ చుట్టి పట్టాడు. గరుకు కాగితం చుట్టి పట్టాడు. తోలుపట్టా వేసి తిప్పే పానా ఒకటి పెట్టెలో అడుగున ఉంటే దులిపి బయటికి తీశాడు. పట్టా బిగుసుకుంది, రేకు కొంచెం సొట్టపోయింది, ఫిల్టర్ మాత్రం కదలలేదు.

ఉప్పలయ్య చేతులు వదిలేసి గోనె మీద వెల్లకిలా పడుకున్నాడు. బండి కడుపు చూస్తూ చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఇది ఎవరో బిగించినది కాదు. స్రవంతి వాళ్ళు మేడారం జాతర నుంచి వచ్చిన వారంలో ఇదే షాపులో, ఇదే గోనె మీద పడుకొని తను బిగించిందే. అప్పటికే చెయ్యి మొద్దుబారింది. ఆ రోజు కళ్ళు మూసుకున్నాడు, బరువు వచ్చిందనుకొని ఆపాడు. వచ్చిందా? అనుకున్నాడా? సగం అరచెయ్యి మొద్దుబారిన చేతికి సగం బరువే తెలుస్తుంది కదా. రెండింతలు బిగిస్తే తప్ప చాలినట్టు అనిపించదు కదా. చలికాలం నుంచి ఎన్ని బండ్లు బిగించాడు? అవన్నీ ఊళ్ళో తిరుగుతున్నాయి. ఎన్ని బోల్టులు విరగడానికి సిద్ధంగా ఉన్నాయో!

అక్కడే, ఆ గోనె మీదే అనుకున్నాడు. ఇది తన చేతి తప్పే అయితే సాయంత్రం రాంప్రసాద్‌కు తాళంచెవి ఇచ్చేస్తాడు. ఇంకొకరి బండి ముట్టడు.

"ఏందన్నా, పొద్దటిసంది దాన్ని కావలిచ్చుకొని పన్నవ్? వదినెకు జెప్పాల్నా?" రాంప్రసాద్ చాయ్ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు.

"వస్తలేదు తమ్మీ."

"స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కటి గుద్దు. ఈ దిక్కు దింపి ఆ దిక్కు తియ్యి. పట్టి తిప్పు. రాక యాడికి పోతది?"

"రేకు సినిగి మూతి ఇంజనుకే మిగిలితే?"

"ఉలితోని కొట్టు."

"ఇంజను బాడీ మెత్తటి లోహం. ఉలి గీత పడ్డదంటే ఆయిల్ కార్తనే ఉంటది. ఆ పిల్ల అడివిల ఒక్కతే పోతది."

రాంప్రసాద్ ఇంకేదో జోకు వెయ్యబోయి, ఉప్పలయ్య మొహం చూసి ఆపుకున్నాడు. చాయ్ గ్లాసు అతని చేతికిచ్చి, తను ఖాళీ టైరు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం స్రవంతి స్కూటీ మీద తల్లిని ఎక్కించుకొని వచ్చింది. కళావతి దుకాణం మూసి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళకు ఇంకా పసుపుంది. ఒళ్ళో గుడ్డసంచి పట్టుకొని షాపు ముందు స్టూలు మీద కూర్చుంది.

"అయిందా కాకా?"

ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు. అబద్ధాలు చాలనిపించింది. "కాలే బిడ్డా. ఫిల్టర్ పట్టేసింది. పోయినసారి నేనే ఎక్కువ బిగించినట్టున్న."

"నువ్వా?" స్రవంతి నవ్వింది. "నువ్వు ఎక్కువ బిగించుడేంది కాకా! మా నాయిన ఉన్నప్పుడు నీ గురించే జెప్తుండె. ఉప్పలయ్య బిగిస్తే లెక్క తప్పదని."

ఆ మాట ఎవరైనా తిట్టినదానికంటే గట్టిగా తగిలింది అతనికి. గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కట్టమ్మ సద్దిగిన్నె, ఫ్లాస్కు పట్టుకొని వచ్చింది. అంతమంది ఉన్నారని చూసి కూడా ఆగలేదు. ఆమెకు టైమంటే టైమే.

"ఏమయ్యా, చెయ్యి ఇటు సాపు. నీళ్ళు సల్లారుతున్నయ్."

"ఇప్పుడొద్దే."

"ఇప్పుడొద్దంటె నరం ఆగుతదా? సాపు."

"ఏం నరం?" అంది కళావతి. "చేతికేమైంది ఉప్పలయ్యా?"

ఉప్పలయ్య నోరు తెరిచే లోపల కట్టమ్మ అంతా చెప్పేసింది. చలికాలం నుంచి మొద్దుబారిందనీ, వేలు కాలితే తెలియలేదనీ, అందుకే చల్లటి ఇంజన్లే ముడుతున్నాడనీ, రాత్రుళ్ళు లేచి కూర్చొని వేళ్ళు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటాడనీ. దాచిపెట్టిన బట్టల మూటను నలుగురి ముందు విప్పినట్టు చెప్పింది. ఉప్పలయ్య తలొంచుకొని చెయ్యి చాచాడు. ఇక దాచడానికేముంది? వేడి తువ్వాల చుట్టుకుంది. బొటనవేలి వైపు సురుక్కుమంది. చిటికెన వేలి వైపు ఏమీ లేదు.

"మరి నాకన్న జెప్పకపోతివేందన్నా!" అన్నాడు రాంప్రసాద్, గొంతు తగ్గించి. "నేనేమో రెక్కల కష్టమని ఎగతాళి జేస్తి."

తుంపర కాస్త గట్టిపడి రేకు మీద టపటపలాడింది. కట్టమ్మ తువ్వాల తీసి మళ్ళీ ముంచుతూ బండి వైపు చూసింది.

"దాన్ని పట్టుకొనేనా పొద్దటిసంది కొట్లాట? నీ చేతికి పెట్టినట్టు దానికీ ఇంత కాపడం పెట్టరాదు! అది గూడ సలికి పట్టేసినట్టుంది."

రాంప్రసాద్ పకపకా నవ్వాడు. స్రవంతి కూడా నవ్వింది. ఉప్పలయ్య మాత్రం తలెత్తి భార్య వైపు చూశాడు. వేడి! పొద్దటి నుంచి అన్నీ చేశాడు, వేడి ఒక్కటి చూపించలేదు. ఎట్లా చూపిస్తాడు, దానికే కదా భయపడుతున్నది! ఆయిల్ దింపేశాడు కాబట్టి ఇప్పుడు ఇంజను స్టార్ట్ చెయ్యడానికి లేదు. బయటి నుంచే పెట్టాలి.

"ఆ తువ్వాల ఇటియ్యి" అన్నాడు.

"నేను పెడ్త. నీకు కాలితే తెల్వది." కట్టమ్మ కొంగు నడుముకు దోపి గోనె మీద గొంతుక్కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఈ షాపులో బండిని ముట్టుకున్నది అదే మొదటిసారి. తువ్వాలను ఫిల్టర్‌కు చుట్టి, పసిపిల్లవాడి పొట్టకు పెట్టినట్టు అరచేత్తో అదిమింది. చల్లారగానే మళ్ళీ ముంచింది. ఫ్లాస్కు అయిపోయింది. రాంప్రసాద్ వర్షంలోనే ఎదురుగా హోటల్‌కు ఉరికి, మరుగుతున్న నీళ్ళు కెటిల్‌తో తెచ్చాడు. ఫిల్టర్ మూతి చుట్టూ సన్నటి ధారగా పోశారు. మళ్ళీ తువ్వాల. మళ్ళీ ధార.

ముందు కట్టమ్మే ముక్కు ఎగబీల్చింది.

"ఏమయ్యా, ఇదేం వాసన? పాకం వాసనొస్తాంది!"

"ఆయిల్ వాసనే."

"అరిసెల పాకం ఎర్కలేనిదాన్నా నేను?"

ఉప్పలయ్య కిందికి దూరి చూశాడు. ఫిల్టర్ మూతి నుంచి గోధుమరంగు చుక్క ఒకటి తీగలా సాగుతూ దిగుతోంది. ఆయిల్ అట్లా సాగదు. ఎడమచేతి వేలితో అందుకొని, బొటనవేలికి రాసి చూశాడు. అంటుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ మెకానిక్కూ చెయ్యని పని అప్పుడతను చేశాడు. నాలిక మీద పెట్టుకున్నాడు.

"బెల్లం!"

"ఏందీ?" అన్నాడు రాంప్రసాద్.

"బెల్లం తమ్మీ! ఫిల్టర్‌కు బెల్లం!"

స్రవంతి మెల్లగా తల్లి వైపు తిరిగింది. కళావతి గుడ్డసంచిని గుండెకు హత్తుకొని ఎటో రోడ్డు మీదికి చూస్తోంది.

"అమ్మా!"

"నేనేం జేసిన?"

"అమ్మా... ఏం జేసినవ్?"

కళావతి కొంగు సర్దుకుంది. "జాతర్ల నిలువెత్తు బంగారం ఇచ్చినం గదా అమ్మవారికి" అని మొదలుపెట్టింది. మేడారం జాతరలో మనిషి ఎత్తు తూచి సమర్పించే బెల్లాన్ని అందరూ బంగారమనే అంటారు. అందులో ముద్ద ఒకటి ప్రసాదంగా ఇంటికి తెచ్చింది. స్రవంతి కొత్త ఫిల్టర్ కొనుక్కొచ్చి బల్ల మీద పెడితే, అడవి దారిన పోయే బండి కదా అని ఆమె దాన్ని దేవుని ముందు పెట్టింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. "నాకేమెర్క, అది అట్ల గుండ్రంగ నోరు తెరుసుకొని ఉండె. కొత్తగ ఇంట్ల అడుగు పెట్టేదానికి నోరు తీపి జేస్తం గదా. బంగారం జరంత తడిపి మూతికి రాసిన. గంతే!"

"జరంతనా!" అన్నాడు రాంప్రసాద్. "అక్కా, ఆర్నెల్లు ఇంజను మీద పాకం వట్టినవ్ గదనే! పల్లీలేస్తే పట్టీలు అమ్ముకుందుము."

"సీమలు!" స్రవంతి నెత్తి కొట్టుకుంది. "అందుకే సీమలు! దవాఖానల నన్ను స్వీట్ హౌస్ అని పిలుస్తాండ్రు అమ్మా!"

ఉప్పలయ్యకు ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. పసుపు కుంకుమలతో వచ్చిన ఫిల్టర్‌ను గుడ్డతో తుడవబోతే ఈ కళావతమ్మే చెయ్యి అడ్డుపెట్టింది. "తుడవకు ఉప్పలయ్యా, అమ్మవారి ముందర పెట్టింది" అంది. రింగు నిగనిగలాడుతుంటే కంపెనీవాళ్ళే గ్రీజు రాసి పంపారనుకున్నాడు. కొన్ని అట్లా వస్తాయి. ఆయిల్ రాయకుండానే తిప్పేశాడు.

లోపల ఆశ ఒకటి లేచింది. లేచినా దాన్ని వెంటనే నమ్మలేదు. బెల్లం ఉన్నంత మాత్రాన చెయ్యి తప్పు చెయ్యలేదని కాదు. రెండూ ఉండొచ్చు. కిందికి దూరి, రెండు చేతులతో వేడి ఫిల్టర్‌ను తువ్వాల మీదుగా పట్టుకున్నాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా, తొందరపెట్టకుండా తిప్పాడు. అవతల ఏదో నములుతున్నట్టు సాగింది. ఇంకొంచెం. చిన్న చప్పుడుతో వదిలింది. తర్వాత రెండు వేళ్ళతోనే చుట్లు తిరిగి, చేతిలోకి దిగింది.

కట్టమ్మ "హమ్మయ్య" అంది. రాంప్రసాద్ ఈల వేశాడు. ఉప్పలయ్య ఎవరినీ చూడలేదు. ఫిల్టర్‌ను వెలుతురులోకి తీసుకుపోయి, కెటిల్‌లో మిగిలిన నీళ్ళతో మూతి కడిగాడు. నల్లటి పట్టీ కరిగి కారిపోయింది. కింద రబ్బరు రింగు బయటపడింది.

ఇదే అసలు సాక్ష్యం. ఎక్కువ బిగిస్తే రబ్బరు దాచుకోదు. రొట్టెలా నలిగి, అంచులు బయటికి ఉబ్బి, మళ్ళీ కోలుకోదు. ఉప్పలయ్య రింగును ఎడమచేతి బొటనవేలితో చుట్టూ తడిమాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తడిమాడు. నలగలేదు. ఎక్కడా ఉబ్బలేదు. కొత్తదానిలా నిండుగా, గుండ్రంగా ఉంది. ఎంత ఒత్తిడి పడాలో అంతే పడింది.

ముప్పావు చుట్టు. తన చెయ్యి ముప్పావు చుట్టే తిప్పింది.

పక్కకు తిరిగి, వాన చూస్తున్నట్టు కాసేపు నిలబడ్డాడు. వీపు అటు తిప్పినా కట్టమ్మకు తెలిసిపోయింది. ఆమె ఖాళీ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది.

"తప్పయింది ఉప్పలయ్యా" అంది కళావతి వెనక నుంచి. "నా బిడ్డ సల్లగుండాలని జేసిన. నీకింత తిప్పలైతదని తెల్వదు."

"అయ్యో, ఏం తప్పు లేదమ్మా" అన్నాడు ఉప్పలయ్య తిరిగి. అతని మొహం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. తిడతాడనుకున్న మనిషి నవ్వుతున్నాడు. "నీ దయ. బెల్లమే అయింది. నాకు అది సాలు."

ఆమెకు ఆ మాట సగమే అర్థమయింది. పూర్తిగా అర్థమైన రాంప్రసాద్ టైరు మీంచి లేచాడు. "అయితే నా షటరు పోయినట్టే!" అన్నాడు.

"ఇయ్య తమ్మీ. ఇప్పుడే ఇయ్య."

"ఇయ్యకు పో! వానల ఉరికి నీళ్ళు తెచ్చింది నేను. నా కొంప నేనే ముంచుకున్న!" అంటూనే ఉప్పలయ్య భుజం మీద చెయ్యి వేసి ఒకసారి ఊపాడు.

"కొత్త ఫిల్టర్ ఇటియ్యమ్మా" అంది స్రవంతి. కళావతి సంచిలోంచి ఫిల్టర్ తీసి, ఇవ్వకుండా ఒళ్ళోనే పట్టుకుంది. రేకు మీద పసుపు, ఐదు బొట్లు, ముచ్చటగా ఉన్నాయి. స్రవంతి దాన్ని లాక్కొని తిరగేసి చూసింది. మూతి నిగనిగలాడుతోంది.

"మళ్ళా పెట్టినవా!"

"ఈసారి సాన తక్వ పెట్టిన బిడ్డా. నామానికి!"

షాపంతా నవ్వులైంది. కట్టమ్మ నవ్వి నవ్వి కళ్ళు ఒత్తుకుంది. ఉప్పలయ్య ఫిల్టర్ అందుకొని, గుడ్డ తీశాడు గానీ తుడవకుండా కళావతి వైపు చూశాడు. ఆమె లేచి వచ్చి, తన కొంగు తడిపి, తనే ఆ రింగును తుడిచింది. పసుపును, బొట్లను అతను ముట్టలేదు. అవి ఇంజనుకేమీ అడ్డం కావు.

ఎడమచేతి వేలితో చుక్క ఆయిల్ తీసి రింగు చుట్టూ రాశాడు. గోనె మీద పడుకొని తిప్పి ఎక్కించాడు. రింగు ఆనింది. కళ్ళు మూసుకున్నాడు. తిప్పుతూ విన్నాడు. బరువు వచ్చింది. బొటనవేలి వైపు నుంచి, మునుపటికంటే సన్నగా, పక్కగదిలో మాట్లాడుతున్నట్టు. అయినా వచ్చింది. ఆపాడు. తర్వాత, ఎప్పుడూ చెయ్యని పని ఇంకోటి చేశాడు. ఎడమ చెయ్యి కూడా వేసి ఒకసారి తిప్పి చూశాడు. అదీ అదే చోట ఆగింది.

కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే బండి బరువుగా, నిబ్బరంగా మోగింది. ఎక్కడా చుక్క కారలేదు. స్రవంతి హెల్మెట్ పెట్టుకుంటుంటే ఉప్పలయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, బిగువు అయినంక కటక్కుమని సప్పుడు జేసే పానా ఒకటి ఉంటదంట గదా. షోరూములల్ల ఉంటది. ఫోన్ల ఎతికి తెప్పియ్యరాదూ?"

"నీకెందుకు కాకా అది?"

"బోల్టులకు. ఇన్నొద్దులు అది చేతగానోళ్ళ సామానని ఎక్కిరిస్తుంటి." కుడిచేతి వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. "ఈ రెండు వేళ్ళు సెలవు పెట్టినయ్. వచ్చేదాంక బదులు మనిషి కావాలె గదా."

అమ్మవారి ప్రసాదం అంటిన పాత ఫిల్టర్‌ను ఎవరూ తొక్కకుండా కళావతి ఆకులో చుట్టి పక్కన పెట్టించింది. తర్వాత స్కూటీ ఆమే నడిపింది. వెనక పెద్దబండి మీద కూతురు నెమ్మదిగా పోయింది. రాంప్రసాద్‌కు ఎవరో టైరు కోసం కేకేస్తే అటు పోయాడు.

అంతలో పరకాల వైపు నుంచి వచ్చిన రైతు ఒకడు బండి ఆపాడు. ఇంజను సెగలు కక్కుతోంది. ఆయిల్ మార్చాలన్నాడు. "ఇడిసిపెట్టి పో పటేలా" అని, ఎప్పటి అబద్ధం నోటిదాకా వచ్చి ఉప్పలయ్య ఆగాడు. "నా చేతికి వేడి తెలుస్తలేదు. నరం బాగలేదు. ఓ గంట సల్లారనియ్యి. అందాంక చాయ్ తాగిరా, చేసిస్త."

రైతు ఏమీ అనుకోలేదు. "గంటేనా? సరే తియ్యి" అని గొడుగు విప్పుకొని హోటల్ వైపు పోయాడు. ఇన్నాళ్ళు ఇంత చిన్న మాటకు అంత అబద్ధం ఎందుకు మోశాడో ఉప్పలయ్యకే వింతగా తోచింది.

"సద్ది సల్లారింది" అంది కట్టమ్మ వెనక అరలోంచి. "నీళ్ళు గూడ అన్ని ఆ బండికే పోసినం. హోటలాయన్ని అడిగి ఇంకిన్ని తెప్పియ్యి. నీ చేతికి సగమే పెట్టిన."

ఉప్పలయ్య చేతులు కడుక్కొని, కెటిల్ పట్టుకొని, వానలోకి తనే దిగాడు. గోనె పక్కన తడి నేల మీద అప్పటికే చీమలు చేరాయి. వాటిని తొక్కకుండా కాలు ఎత్తి వేశాడు.